కొంగ తెలుపు, నీటికాకి నలుపు

వరంగల్ దగ్గరి హసన్‌పర్తి పరిసరాలు కాకతీయుల నాటి నుంచి చెరువుల సీమ. కొంగలు, నీటికాకులు ఇక్కడికి కొత్త కావు. వాటిని నమోదు చేసే తీరే మారింది. 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జరిపిన పక్షుల సర్వేకు నమూనాలను తుపాకీతో కొట్టి సేకరించారు. ఆ పని కెమెరాకు దక్కడం పక్షులకు నిజమైన మేలు. ఫిలిం రోజుల్లో ఫొటోలోని వెలుగునీడలను చీకటిగదిలో, ప్రింటు వేసేటప్పుడు చేతులు అడ్డుపెట్టి సవరించేవారు. 1990లో ఫొటోషాప్, 2007లో లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లు ఆ పనిని కంప్యూటర్‌కు తెచ్చాయి.

పక్షి ఫొటోల్లో అసలు చిక్కు కొంగ తెలుపుది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కెమెరా సెన్సర్ వెలుగుతో నిండిపోతే ఈకల గీతలు పూర్తిగా చెరిగిపోతాయి, ఏ సవరణా వాటిని తిరిగి తేలేదు. అందుకే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి రా (RAW) ఫైలుగా తీసి, తర్వాత నీడల్లో వెలుగు పెంచుతారు. నీటికాకి నలుపులో అలా వెలుగు పెంచితే రవ్వలు (నాయిజ్) తేలతాయి. 2023లో లైట్‌రూమ్‌కు చేరిన ఏఐ డీనాయిజ్ వాటిని బాగా తగ్గించింది.