చంద్రుడి కోసం కాచుకున్న తీగె

మా నాయన చిక్కపేటలో కరెంటు సామాన్ల అంగడిలో పని చేస్తారు. దినమంతా మీటరు లెక్కన తీగె కోసి ఇస్తారు. "ఈ తీగెతో మన మాట ఎంత దూరం పోతుంది నాయనా?" అని ఒకసారి అడిగాను. "చదువుకునేవాడివి, నువ్వే కనుక్కోరా" అన్నారు. కనుక్కున్నాను. చంద్రుడి దాకా పోయి తిరిగి వస్తుంది!

1946 జనవరి 10న అమెరికా సైన్యం ఇంజనీర్లు న్యూజెర్సీ నుంచి చంద్రుడి మీదికి రేడియో తరంగాలు పంపారు. రెండున్నర సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. చంద్రుడు సుమారు 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నాడు కదా, పోయి రావడానికి అంత సేపు పడుతుంది. తర్వాత అమెచ్యూర్ రేడియో వాళ్లు, అంటే జీతానికి కాక ఇష్టంతో రేడియో నడిపేవాళ్లు, ఈ పనికి పూనుకున్నారు. దీన్ని మూన్‌బౌన్స్ అంటారు. తిరిగొచ్చే తరంగం చాలా బలహీనం. అందుకే పెద్ద యాంటెన్నా కావాలి.

ఆస్ట్రేలియాలో బర్చిప్ అనే చిన్న ఊరుంది. చుట్టూ గోధుమ పొలాలు. అక్కడి రే నాటన్ 144 మెగాహెర్ట్జ్ కోసం రాంబిక్ యాంటెన్నాను ఎన్నుకున్నారు. స్తంభాల మీద పొడవాటి తీగెను మన లెక్కల పుస్తకంలోని సమచతుర్భుజంలా కడతారు. తీగె పొడవు పెరిగేకొద్దీ శక్తి సన్నని ధారగా ఒకే దిక్కుకు పోతుంది. ఖర్చు తక్కువ, కానీ స్థలం ఎక్కువ కావాలి. పైగా దాన్ని తిప్పలేం. చంద్రుడే దాని ఎదుటికి రావాలి.

ఆకాశంలో చంద్రుడు గంటకు దాదాపు 14.5 డిగ్రీలు జరుగుతాడు. ధార వెడల్పు 7 డిగ్రీలైతే దొరికేది అరగంటే. అదీ నెలలో కొన్ని రోజులే. అయినా 1966లో నాటన్ చంద్రుడి మీదుగా కాలిఫోర్నియాలోని ఒక అమెచ్యూర్‌తో సంకేతాలు మార్చుకున్నారు.

ఇక్కడ లెక్క తప్పితే చంద్రుడు పక్కనుంచి వెళ్లిపోతాడు. అప్పట్లో సూత్రాలతో, పట్టికలతో లెక్కగట్టేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్‌లో ముందే నమూనా చేసుకోవచ్చు. తీగెను చిన్న చిన్న ముక్కలుగా భావించి, ఒక్కో ముక్కలో పారే కరెంటును లెక్కిస్తారు. తీగె ఎత్తు, కోణం, కింది నేల రకం కూడా చెప్పాలి. కోణం కొద్దిగా మారిస్తే ధార ఎటు పోతుందో బొమ్మలో కనిపిస్తుంది. స్తంభం పాతకముందే తప్పు దొరుకుతుంది.

ఇంత దూరం ఎందుకు, మన బెంగళూరుకు దగ్గర్లోనే గౌరీబిదనూరు ఉంది. అక్కడ 1970లలో 34.5 మెగాహెర్ట్జ్ రేడియో టెలిస్కోపు కట్టారు. 1000 డైపోల్ యాంటెన్నాలను ఇంగ్లీషు 'టీ' అక్షరంలా నేల మీద పరిచారు. అది చంద్రుడితో మాట్లాడడానికి కాదు, ఆకాశాన్ని వినడానికి. అదీ ఉన్నచోటనే ఉంటుంది. భూమి తిరుగుతుంటే ఆకాశమే దాని మీదుగా సాగిపోతుంది.

తెలుగు మీడియంలో చదివేవాళ్లకు పెద్ద సైన్సు ఎందుకని మమ్మల్ని కొందరు అడుగుతారు. నాటన్ దగ్గర తిరిగే పెద్ద యంత్రం లేదు. తీగె, లెక్క, ఓపిక ఉన్నాయి. తీగె మా నాయన అంగడిలో దొరుకుతుంది. లెక్క మా బడిలో నేర్పుతున్నారు. ఓపిక మాత్రం మనమే తెచ్చుకోవాలి.