క్షణికకాంతి చరిత్ర

అణువులలో బంధము తెగుటకు పట్టు కాలమును ఫెమ్టోసెకనులలో లెక్కింతురు. సెకనును పదికోట్ల కోట్ల భాగములు చేయగా అందొక భాగము ఫెమ్టోసెకను. అట్టి చర్యను కనిపెట్టుటకు కాంతియు అంతటి క్షణికము కావలెను.

1960లో అమెరికాయందు థియొడోర్ మైమన్ తొలి లేసరును వెలిగించెను. తరువాత శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కు వర్ణములది. కాంతిస్పందము కుఱుచయగు కొలది అందు మఱిన్ని వర్ణములు చేరవలెను. కాని గాజులో ఎఱుపు ముందు నడచును, నీలము వెనుకబడును. అందుచే స్పందము సాగిపోవును. 1984లో బెల్ ప్రయోగశాలలోని ఫోర్క్ ప్రభృతులు పట్టకముల వరుసతో ఈ యెడబాటును సరిదిద్దు మార్గమును చూపిరి. 1987లో 6 ఫెమ్టోసెకనుల స్పందము సిద్ధించెను. 1988లో వైనర్, హెరిటేజ్ మున్నగువారు వర్ణములను విడదీసి, కొన్నిటిని ఆపియు కొన్నిటిని ఆలస్యపఱచియు మఱల కలిపి, స్పందమునకు కోరిన రూపము నిచ్చిరి.

కాలిఫోర్నియాలో అహ్మద్ జువైల్ 1987లో ఒక స్పందముతో అయోడిన్ సయనైడు అణువును విడగొట్టి, వెనువెంట వచ్చు రెండవ స్పందముతో ఆ విచ్ఛేదమును పరిశీలించెను. 1999లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందెను.

వర్ణపటము, పట్టకము మన బడిపుస్తకములలోని మాటలే. పొరుగు రాష్ట్రములందు తెలుగున చదువు మన పిల్లలకు నవీనశాస్త్రమును ఈ మాటలతోనే బోధింపవచ్చును. భాష చాలదను నెపమున తెలుగు తరగతులను మూయుట న్యాయము కాదు.