వాక్యం చివర ‘టు’: ఆ నిషేధం ఎక్కడ పుట్టింది?

‘ది మ్యాన్ ఐ స్పోక్ టు’ అనవచ్చా, ‘ది మ్యాన్ టు హూమ్ ఐ స్పోక్’ అనే రాయాలా? ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని బళ్లో చెప్పించుకున్నవాళ్లు మనలో చాలామందే. ఎక్కడ రాసుందని అడిగితే ‘గ్రామర్ పుస్తకంలో’ అంటారు. ఏ పుస్తకంలో, ఏ సంవత్సరంలో అన్నదే చిక్కుముడి.

ముందు ఒక ప్రచారాన్ని పక్కన పెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్ ప్రధాని రాసిన వాక్యాన్ని ఎవరో ఈ నియమం పేరుతో దిద్దారట. ఆయన ప్రిపొజిషన్లన్నీ ముందుకు లాగిన వంకర వాక్యంతో బదులిచ్చారట. 1942లో ఒక అమెరికన్ పత్రిక, లండన్ మాసపత్రికను పేర్కొంటూ, ఈ చమత్కారాన్ని అచ్చేసింది. అందులో ప్రధాని ప్రస్తావన లేదు. ఆయన పేరు తర్వాత చేరింది. కథ నిజమే అనుకున్నా, నియమం అప్పటికే ఉందని మాత్రమే రుజువవుతుంది.

తర్వాతి అనుమానితుడు 1762లో లండన్‌లో వెలువడిన వ్యాకరణం. రాసింది ఒక మతాచార్యుడు. కొన్నేళ్లకు బిషప్ అయ్యాడు. నిషేధం పెట్టింది ఆయనేనని చాలామంది రాశారు. పుస్తకం చూస్తే నిషేధం కనిపించదు. మామూలు మాటల్లో ఈ పద్ధతి ఎక్కువనీ, గంభీరమైన రాతలో ప్రిపొజిషన్ ముందుంటే అందమనీ ఆయన అన్నాడు. అంతే. పైగా ఇంగ్లీషుకు ఈ నుడికారం మీద మొగ్గు ఉందని చెప్పే ఆయన సొంత వాక్యభాగమే ‘టు’తో ముగుస్తుంది. కావాలని అలా రాశాడో, కలం అలా నడిచిందో పుస్తకం చెప్పదు.

1795లో యార్క్‌లో అచ్చయిన మరో వ్యాకరణం ఆ వాక్యాన్నే తీసుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తేడా ఒక్కటే. చివర ఉన్న ‘టు’ను తెచ్చి ‘విచ్’ ముందు పెట్టారు. సలహా అప్పటికి అలవాటుగా గట్టిపడుతోందనడానికి ఇది ఆధారం. పుట్టుకకు కాదు. పుట్టుక కోసం వెనక్కి వెళ్లాలి.

1672లో ఒక ప్రసిద్ధ కవి, నాటకకర్త, తన నాటకం వెంట ఒక వ్యాసం అచ్చువేశాడు. ముందుతరం నాటకకర్త 1611లో రాసిన ఒక పంక్తిని అందులో తప్పుపట్టాడు. ఆ పంక్తి ‘ఫ్రమ్’తో ముగుస్తుంది. జవాబు చెప్పుకోవడానికి ఆ పెద్దమనిషి అప్పటికి బతికి లేడు. ఇదే దోషం తన రాతల్లోనూ ఉందని ఈమధ్యే గమనించానని కూడా విమర్శకుడు ఒప్పుకున్నాడు.

ఒప్పుకోవడమేనా, దిద్దుకున్నాడా? ఇది పరీక్షించవచ్చు. ఆయన 1668లో నాటకకళ మీద ఒక వ్యాసం ప్రచురించాడు. 1684లో దాన్ని మళ్లీ అచ్చువేశాడు. నేను బతుకుతున్న కాలం అనే అర్థం వచ్చేచోట మొదటి ముద్రణలో ‘ఇన్’ చివర ఉంది. రెండో ముద్రణలో అది ‘విచ్’ ముందుకు వచ్చింది. ఇలాంటి దిద్దుబాట్లు ఇంకా ఉన్నాయి. ఇంత తేటగా దొరికే సాక్ష్యం పాత కాగితాల్లో అరుదు.

ఎందుకు తప్పన్నాడు? లాటిన్ మోజు వల్ల అని సాధారణంగా చెబుతారు. తన ఇంగ్లీషు మీద అనుమానం వస్తే లాటిన్‌లోకి మార్చి చూసుకుంటానని 1679లో ఆయన రాసిన మాట నిజమే. అక్కడ ప్రిపొజిషన్ల ఊసు లేదు. 1672 వ్యాసంలో తప్పన్నాడే తప్ప కారణం చెప్పలేదు. లాటిన్‌లోనూ కొన్ని సర్వనామాల వెనక ‘కుమ్’ అనే ప్రిపొజిషన్ వచ్చి అతుక్కుంటుంది. కాబట్టి కారణాన్ని ఖాళీగానే వదిలాను.

ఆద్యుడు ఆయనేనా? కాదు. 1646లోనే ఒక బడిపంతులు వ్యాకరణం ప్రిపొజిషన్లను సహజ క్రమంలో ముందుంచమంది. ఇంగ్లీషు ద్వారా లాటిన్ త్వరగా నేర్పడానికి రాసిన పుస్తకం అది. ఇరవై ఆరేళ్ల తర్వాత వ్యాసం రాసిన కవి దాన్ని చదివాడనడానికి ఆధారం లేదు. రెండూ వేర్వేరు సాక్ష్యాలు.

ఇక తప్పుపట్టిన అలవాటు సంగతి. అది 1611లో కొత్తగా పుట్టింది కాదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో, కొన్ని రకాల వాక్యాల్లో, ఇది మామూలు. 1926లో ఇంగ్లండులో వచ్చిన ప్రసిద్ధ వాడుక నిఘంటువు ఈ నిషేధాన్ని మూఢనమ్మకాల్లో చేర్చింది.

మనవాళ్ల అసలు ఇబ్బంది వేరు. ‘మనిషితో మాట్లాడాను’ అన్న వాక్యాన్ని ‘నేను మాట్లాడిన మనిషి’గా మార్చినప్పుడు ‘తో’ పూర్తిగా పోతుంది. అదే ధోరణిలో ‘ది మ్యాన్ ఐ స్పోక్’, ‘ది హౌస్ ఐ లివ్’ అని రాసేవాళ్లున్నారు. ఇంగ్లీషులో అవి తప్పు. అక్కడ ‘టు’, ‘ఇన్’ ఉండి తీరాలి.

అవి చివర ఉన్నా ఒప్పే. దరఖాస్తులో, కోర్టు కాగితంలో ‘టు హూమ్’ రాయండి. మాటల్లో, ఉత్తరాల్లో ‘టు’ను చివరే ఉంచండి. 1762 నాటి ఆ వ్యాకరణం ఇచ్చిన సలహా కూడా దాదాపు ఇదే.