కేశవరావు కోరట్కర్

కేశవరావు కోరట్కర్ (1867–1932) నిజాం రాజ్యంలో పేరుమోసిన వకీలు, ఆర్యసమాజ నాయకుడు, ప్రజాసేవకుడు. స్వగ్రామం నాందేడ్‌కు పొరుగున ఉన్న వసమత్ తాలూకాలోని పూర్జల్. నాటి పర్భణీ జిల్లాలోని ఈ తాలూకా 1999 నుంచి హింగోలి జిల్లాలో ఉంది. గుల్బర్గాలో వకాలతు మొదలుపెట్టి, తరువాత హైదరాబాదుకు మకాం మార్చారు. 1884 నుంచి సంస్థానంలో కోర్టు భాష ఉర్దూ. మరాఠీ పల్లె నుంచి వచ్చిన కేశవరావు ఆ ఉర్దూ కోర్టుల్లోనే రాణించి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

అయినా ఆయన పేరు నిలిపింది వివేకవర్ధిని పాఠశాల. సర్కారీ బడుల్లో ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో, మరాఠీ పిల్లలు మాతృభాషలో చదువుకునేందుకు 1907లో హైదరాబాదులో దీన్ని నెలకొల్పిన వారిలో ఆయన ముఖ్యులు. క్రమంగా ఆ ఆవరణ ఊరందరికీ సభాస్థలి అయింది. ఖిలాఫత్ ఉద్యమ రోజుల్లో హిందూ ముస్లిం నాయకులు అక్కడే ఒకే వేదిక ఎక్కారు. రాజకీయ సభలకు సర్కారు అనుమతి తప్పనిసరి కావడంతో కేశవరావు, వామన్ నాయక్ వంటివారు సంఘ సంస్కరణ సభల ద్వారా జనాన్ని కూడగట్టారు. ముందుచూపున్న పని అది.

1921 నవంబరులో అలాంటి మహాసభ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగింది. అధ్యక్షులు మహిళా విద్యకు అంకితమైన ధోండో కేశవ కర్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. మాతృభాష కోసం వెలసిన ఆవరణలో మరో మాతృభాషకు జరిగిన ఈ అవమానం తెలుగువారిని కలచివేసింది. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు అందులో ఉన్నారు. ఆ ఒరవడే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభకు దారితీసింది. అలాగే సంస్థానంలోని మరాఠీ ప్రాంతమైన మరాఠ్వాడా ప్రజలు తమ మహారాష్ట్ర పరిషత్తును 1937లో పర్తూరులో జరుపుకున్నారు.

కేశవరావు 1932లో మరణించారు. కుమారుడు వినాయకరావు విద్యాలంకార్ బారిస్టరై, ఆర్యసమాజానికి నాయకత్వం వహించి, హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా, 1957లో లోక్‌సభ సభ్యుడిగా పనిచేశారు. హైదరాబాదు నారాయణగూడలోని కేశవ్ మెమోరియల్ పాఠశాల 1940లో కేశవరావు స్మృతికి వెలసినదే.