కొలెస్టరాల్ కొలత: కచ్చితత్వ చరిత్ర

రక్తపరీక్షలో కచ్చితత్వమంటే రెండు గుణాల కలయిక: ఫలితం అసలు విలువకు దగ్గరగా ఉండటం ఒకటి, అదే నమూనాను ఎన్నిసార్లు పరీక్షించినా దాదాపు అదే అంకె రావటం రెండవది. కొలెస్టరాల్ విషయంలో డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములను వాంఛనీయ స్థాయికి హద్దుగా పెట్టుకున్నప్పుడు, కొలత 10 శాతం ఎక్కువ చూపితే అసలు విలువ 190 ఉన్న మనిషి నివేదికలో 209తో హద్దు దాటినట్లు కనబడతాడు కనుక, ఈ చరిత్రకు వైద్యంలో ఎంతో ప్రాధాన్యం ఉంది.

రంగు నుంచి ఎంజైముకు

1885లో లీబర్‌మన్ గుర్తించి, తరువాత బుర్ఖార్డ్ మెరుగుపరచిన చర్యలో, కొలెస్టరాల్‌కు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది. రంగు ఎంత చిక్కనైతే కొలెస్టరాల్ అంత ఎక్కువ. అయితే తేమ తగిలితే రంగు చెడేది, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ ఫలితాన్ని పెంచేది. అంతకు మించి, రక్తంలోని కొలెస్టరాల్‌లో సుమారు మూడింట రెండు వంతులు కొవ్వు ఆమ్లాలతో కూడిన ఎస్టర్లుగా ఉంటుంది. ఆ ఎస్టర్లు విడి కొలెస్టరాల్ కన్నా చిక్కని రంగునిస్తాయి. 1952లో ఎబెల్, లెవీ, బ్రాడీ, కెండల్ ముందుగా క్షారంతో ఎస్టర్లను విడగొట్టి, కొలెస్టరాల్‌ను మరో ద్రావణిలోకి వేరుచేసి, ఆపైనే రంగు పుట్టించి ఈ లోపాన్ని సరిదిద్దారు. 1974లో అల్లెయిన్ బృందం ఆమ్లాల స్థానంలో ఎంజైములను వాడి, స్వయంచాలక యంత్రాలకు అనువైన పరీక్షను రూపొందించింది.

ఉమ్మడి ప్రమాణం

మంచి పద్ధతి ఉన్నంత మాత్రాన ప్రయోగశాలలన్నీ ఒకే అంకె చెప్పవు. అందుకే అమెరికాలో అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 1950ల చివరలో ప్రామాణీకరణ కార్యక్రమం చేపట్టి, ఎబెల్-కెండల్ పద్ధతిని గీటురాయిగా నిలిపింది. 1980లో ఆ దేశపు జాతీయ ప్రమాణాల సంస్థ, తెలిసిన మోతాదులో భార ఐసోటోపుగల కొలెస్టరాల్‌ను నమూనాలో కలిపి, దానికీ నమూనాలోని సహజ కొలెస్టరాల్‌కూ మధ్య నిష్పత్తిని ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో తేల్చే మరింత నిక్కచ్చి పద్ధతిని ప్రకటించింది. 1992 నాటికి అసలు విలువ నుంచి తేడా, ఫలితాల్లో చెదురు రెండూ 3 శాతం మించరాదన్న లక్ష్యం 1988లో ఏర్పడింది.

లెక్కకట్టే ఎల్‌డీఎల్

చెడు కొలెస్టరాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్‌ను చాలాచోట్ల కొలవరు, లెక్కకడతారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం మొత్తం కొలెస్టరాల్ నుంచి మంచి కొలెస్టరాల్‌గా పిలిచే హెచ్‌డీఎల్‌ను, రక్తంలోని మరో కొవ్వు అయిన ట్రైగ్లిసరైడ్లలో అయిదో వంతును తీసివేస్తుంది. ట్రైగ్లిసరైడ్లు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఈ సూత్రం పనికిరాదు. ఆ లోపే అయినా, అవి ఎక్కువై ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవారిలో అసలు కన్నా తక్కువ చూపుతుంది. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ బృందం 13 లక్షలకు పైగా నమూనాలను పరిశీలించి, అందరికీ ఒకటే అయిన అయిదుకు బదులు వ్యక్తికి తగిన భాజకాన్ని 180 గడుల పట్టిక నుంచి ఎంచే విధానాన్ని ప్రతిపాదించింది.

శరీరంలోని మార్పులు

యంత్రం ఎంత సరైనదైనా శరీరం నిలకడగా ఉండదు. నిలుచున్న మనిషి పడుకుంటే రక్తనాళాల్లోకి నీరు చేరి విలువ 10 శాతం దాకా తగ్గవచ్చు. చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే పెరుగుతుంది. ఈ కారణంగానే రక్తం తీసేముందు కొంతసేపు కూర్చోబెట్టటం, ఒక్క ఫలితంపై కాక కనీసం రెండు కొలతల సగటుపై చికిత్సను నిర్ణయించటం కూడా కచ్చితత్వ సాధనలో భాగాలయ్యాయి.