మొక్కలకూ జనాభా లెక్కలు

దక్షిణాఫ్రికాలో మన తెలుగువారి చరిత్ర చెరకు తోటలతో మొదలయింది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' నౌక డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు నాటాలుకు వచ్చిన ఒప్పంద కూలీలలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వారు పండించిన చెరకు కూడా ఈ నేలకు బయటనుండి వచ్చినదే. అలాగే మరెన్నో మొక్కలు వచ్చాయి. కొన్ని పెరట్లో ఒదిగి ఉండిపోయాయి. కొన్ని గట్టు దాటి వాగులనూ, పచ్చిక బయళ్ళనూ ఆక్రమించాయి.

మన ఊళ్ళలో వయ్యారిభామ అని పిలుచుకునే పార్థీనియం సంగతే చూడండి. పేరుకేం, వయ్యారమే! తాకితే దురద, పీలిస్తే ఆయాసం. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలలో పుట్టిన ఈ మొక్కను డర్బన్ సమీపాన ఇనాండాలో 1880లోనే గుర్తించారు. నూరేళ్ళపాటు దాని గొడవ పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1984లో డొమొయినా తుఫాను వరదల తరువాత అది విపరీతంగా వ్యాపించింది. శత్రువు ఎక్కడ దాగి ఉన్నాడో ముందే తెలిసి ఉండటం ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

మరి ఇంత పెద్ద దేశంలో మొక్కలను లెక్కించడం ఎలా? లెస్లీ హెండర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు 1979 నుండి 1993 వరకు రోడ్ల వెంట ప్రయాణిస్తూ, కారులోనుంచే చూస్తూ, వంతెనల దగ్గర ఆగి వాగుల ఒడ్డును పరిశీలిస్తూ వివరాలు రాసుకున్నారు. 1994లో ఈ పని జాతీయ అట్లాసుగా రూపొందింది. దేశపటాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించారు. ఒక్కొక్క గడి సుమారు 25 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉంటుంది. ఏ గడిలో ఏ మొక్క, ఎంత దట్టంగా, ఎటువంటి చోట కనిపించిందో వందలాది స్వచ్ఛంద పరిశీలకులు ఫారాలు నింపి పంపారు. 2016 నాటికి అట్లాసులో 773 రకాల పరదేశపు మొక్కలు నమోదయ్యాయి.

ఈ పద్ధతికీ పరిమితులు ఉన్నాయి. ఖాళీగా ఉన్న గడిలో మొక్క లేదని కాదు, అక్కడికి ఎవరూ వెళ్ళలేదని కూడా కావచ్చు. అందుకే పరిశీలన ఒకసారితో ముగిసేది కాదు.

ఇటువంటి సమాచారమే ప్రభుత్వానికి ఆధారమయింది. 1995లో నీటి వనరుల మంత్రి కాదర్ అస్మల్ 'వర్కింగ్ ఫర్ వాటర్' పథకాన్ని ప్రారంభించారు. ఆయన నాటాలులోని స్టాంగర్‌లో పుట్టిన భారత సంతతివాడు. నీటిని పీల్చివేసే చెట్లను నరికే పని పేదలకు ఉపాధి కూడా అయింది. 2014లో వెలువడిన జాతీయ నియమాలు ఏ మొక్కను పూర్తిగా తొలగించాలో, దేనిని అదుపులో ఉంచాలో తరగతులుగా నిర్ణయించాయి. లాంటానా, గుర్రపుడెక్కలతోపాటు మనం ఇష్టంగా తినే జామ కూడా ఆ జాబితాలో ఉంది!

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. బయటినుండి వచ్చిన ప్రతి మొక్కా దురాక్రమణదారు కాదు. చోటిచ్చిన నేలను పొరుగువారితో పంచుకునేది ఒకటి, పొరుగువారిని బతకనీయనిది మరొకటి. శాస్త్రజ్ఞులు చూసేది పుట్టుకను కాదు, ప్రవర్తనను. వలస వచ్చిన మనకు ఈ తేడా ఒకరు చెప్పనవసరం లేదు. మన పెరటి మొక్కలు గట్టు దాటకుండా చూడటం, దాటినవాటిని గుర్తించి తెలియజేయడం, మనకు చోటిచ్చిన నేలకు మనం తీర్చగల చిన్న ఋణం.