మా ఫ్లాటు నుంచి వాడపల్లి దాకా

మాది హాలియా. సాగర్ ఎడమకాలువ పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి మూసీ గొడవ మనకెందుకులే అనుకునేవాణ్ణి. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు కింద మా మేనమామకి పొలం ఉంది. మొన్న దసరాకి వెళ్తే, "మీ హైద్రాబాదోళ్ళు యూరియా ఊకెనే పంపుతున్నరు రా, చేను ఏపుగ పెరిగి అడ్డం పడుతుంది" అన్నాడు. నవ్వేశాను గానీ, సిటీలో ఫ్లాటు కొన్నవాణ్ణి కదా, ఎక్కడో తగిలింది.

1908 సెప్టెంబరు వరదలో మూసీ వేలమందిని మింగింది. విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వరద భయం తగ్గింది, తాగునీళ్ళొచ్చాయి. కానీ వానాకాలం దాటితే సిటీలో నదికి సొంత నీళ్ళు దాదాపు లేకుండా పోయాయి. మిగిలింది మన బాత్రూముల్లోంచి వచ్చేదే. మంజీరా సరిపోక 2004 నుంచి కృష్ణ నీళ్ళు కూడా తెచ్చుకున్నాం, అదీ మా సాగర్ నుంచే!

1998లో సైబర్ టవర్స్ వచ్చింది, వెనకే మనమొచ్చాం. నా ఫ్లాటు బ్రోచర్లో క్లబ్ హౌస్ ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, డ్రైనేజీ ఎక్కడికి పోతుందో మాత్రం లేదు. నేనూ అడగలేదు. మూత్రంలోని నత్రజని, మలమూత్రాల్లోనూ డిటర్జెంట్లలోనూ ఉండే భాస్వరం... గుర్రపుడెక్క చెరువుల మీద అంత దట్టంగా అల్లుకునేది వీటిని తినే. మామూలు శుద్ధి కేంద్రం మురికిని తగ్గిస్తుంది, ఈ రెంటినీ తియ్యాలంటే వేరే ఏర్పాటు ఉండాలి. లేకపోతే నీళ్ళు తేటగా కనిపిస్తాయి, ఎరువు అందులోనే ఉంటుంది (టెస్టింగ్‌లో పాసైన బగ్గు అన్నమాట).

ఆ రెండు జలాశయాలకైనా ఈ గతి పట్టకూడదని 1996లో జీఓ 111 తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్లలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకి అడ్డుకట్ట వేశారు. 2022 ఏప్రిల్లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీఓ 69 వచ్చింది. ఎగువన కూడా కాలనీలు లేస్తే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు, మా మామ చేను చూస్తే చాలు.

మూసీ చివరికి మిర్యాలగూడ దాటాక వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2016 పుష్కరాలకి మా ఇంటిల్లిపాదీ మునిగింది అక్కడే. సాగర్లో ఎత్తిపోసిన నీళ్ళు మా ఫ్లాటు చూసొచ్చి మళ్ళీ కృష్ణకే చేరాయన్నమాట.

మామ ఈసారి యూరియా ఒక బస్తా తగ్గించాడట. నేను మా అపార్ట్‌మెంటు మీటింగులో, మన శుద్ధి ప్లాంటు నీళ్ళలో నత్రజని ఎంతుందో పరీక్ష చేయిద్దామన్నాను. ముందు పార్కింగ్ సంగతి తేలనివ్వండి అన్నారు.